ఊరి బొమ్మలో పల్లె ఏదీ?

(విజయవాడలో సాంస్కృతిక కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేము ఒక బొమ్మ గురించి మాట్లాడదామని వచ్చాం. భూమి గురించి, కూలి గురించి, కోర్టుల్లో నలుగుతున్న కేసుల గురించి మాట్లాడాల్సిన చోట ఈ బొమ్మల గోలేంటని కొందరికి అనిపించొచ్చు. బొమ్మ కూడా భూమి లాంటిదే. దాన్ని ఎవరు సాగు చేశారు, ఎవరి పేరున పట్టా ఉంది, ఫలసాయం ఎవరు తింటున్నారు అని భూమిని గురించి అడుగుతాం. బొమ్మను గురించి కూడా అదే అడగాలి.

మన కృష్ణా డెల్టాలో ఏ కిరాణా కొట్టుకెళ్లినా, ఏ ఎరువుల కొట్టుకెళ్లినా గోడ మీద ఊరి బొమ్మ ఉన్న క్యాలెండర్ ఒకటి చూసే ఉంటారు. కొబ్బరిచెట్లు, కాలవగట్టు, పచ్చటి వరిచేలు, పొద్దు గుంకే ఆకాశం. ఒక చెరువు. చెరువులో గేదెలు. గట్టు మీద బిందె ఎత్తుకున్న ఆడమనిషి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఇందులో మాలపల్లె ఏదీ? మాదిగగూడెం ఏదీ? ఆ చేను ఊడ్చిన చేతులేవి? ఆ కాలవ పూడిక తీసినవాళ్లేరీ? కనపడరు. ఊరంటే ఊరే. పల్లె ఆ చట్రానికి అవతల ఉంటుంది.

ఆ బొమ్మలో ఉన్న మూడు వస్తువుల్నే మరోసారి తలుచుకోండి. చెరువు, గేదెలు, బిందె పట్టుకున్న ఆడమనిషి. 1985 జూలైలో కారంచేడులో ఉన్నవి కూడా ఈ మూడే. మాదిగలు తాగే చెరువులో గేదెల కుడితి మురికి కలుపుతుంటే అడ్డం చెప్పారు. కొట్టబోతే మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు, జూలై 17న, గూడెం మీద పడి ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో, డ్రెయిన్లో పారేశారు. క్యాలెండర్ మీద మెరిసే నీళ్లు ఆ నీళ్లే. కాబట్టి ప్రకృతి దృశ్యం అనేది ఎవరి జోలికీ పోని అమాయకమైన బొమ్మ అని మాకెవరూ చెప్పొద్దు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. మన పల్లెల్లో బొమ్మలేసే కుర్రాళ్లున్నారు. ఒకప్పుడు వాళ్లు షాపుల బోర్డులు రాసి, గాంధీనగర్ సినిమావాళ్లకు బ్యానర్లు కట్టి, గోడలకు నినాదాలు రాసి బతికారు. ఫ్లెక్సీలొచ్చి ఆ కూడు పోయింది. అయినా వేసే చెయ్యి ఊరుకోదు కదా. వాళ్లలో ఒకడు చెట్టును వేస్తాడు, కాలవను వేస్తాడు, వాన మబ్బును వేస్తాడు. మనవాళ్లే అతణ్ణి కసురుకుంటారు: ‘‘ఇంత ఘోరం జరుగుతుంటే నీకు మబ్బులు కావాల్సొచ్చాయా?’’ మళ్లీ అతనే కారంచేడు బొమ్మేస్తే అవతలి పెద్దమనుషులు పెదవి విరుస్తారు: ‘‘ఇది నినాదం, కళ కాదు.’’ చెట్టు వేస్తే మనవాడు కాదు, చావు వేస్తే కళాకారుడు కాదు. మరి ఎటు పోవాలి?

ఈ చిక్కు మనది మాత్రమే కాదు. నూటడెబ్బై ఏళ్ల కింద అమెరికాలో ఒక నల్లజాతి చిత్రకారుడు ఇందులోనే నలిగాడు. ఆయన కథ, ఆయన వేసిన ఒక బొమ్మ కథ చెప్తాం, వినండి.

ఆయన పేరు రాబర్ట్ డంకన్‌సన్. 1821లో పుట్టాడు. తాత బానిసత్వం నుంచి బయటపడ్డవాడు. ఇంట్లో వాళ్లది ఇళ్లకు రంగులెయ్యడం, వడ్రంగం. ఈయన కూడా ముందు ఇళ్లకు రంగులేసిన మనిషే. బొమ్మల బడి మెట్లెక్కలేదు. అచ్చుబొమ్మలు చూసి చూసి, దించి దించి చెయ్యి తిప్పుకున్నాడు. 1840 ప్రాంతంలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి చేరాడు.

ఆ పట్నం ఎట్లాంటిదో తెలుసుకోవాలి. పక్కనే ఒహాయో నది. నదికి ఇవతల ఒడ్డున చట్ట ప్రకారం బానిసత్వం లేదు. అవతల ఒడ్డు కెంటకీ. అక్కడ మనుషుల్ని పశువుల్లాగా అమ్ముతారు, కొంటారు. మన ఊరికీ పల్లెకీ మధ్య డొంక ఉన్నట్టు వాళ్ల మధ్య నది. ఇవతల ఒడ్డున మాత్రం సుఖమా? 1841లో సిన్సినాటిలో నల్లవాళ్ల ఇళ్ల మీద తెల్లవాళ్ల మూకలు పడ్డాయి. 1850లో పారిపోయిన బానిసల చట్టం తెచ్చారు. దాంతో స్వేచ్ఛగా పుట్టిన నల్లమనిషిని కూడా ‘వీడు నా బానిసే’ అని పట్టుకుపోయే వీలు దొరికింది.

అటువంటి చోట నిలబడి డంకన్‌సన్ ఏం వేశాడు? నదులు, కొండలు, చెట్లు, జలపాతాలు. పేరు తెచ్చిపెట్టిన బొమ్మల్లో ఒకటి 1851లో వేసిన ‘బ్లూ హోల్’. చిన్న మయామీ నది దగ్గర ఒక మడుగు. నిశ్చలమైన నీళ్లు, చుట్టూ అడవి, ఒడ్డున చేపలు పట్టుకునే మనుషులు. నికొలస్ లాంగ్‌వర్త్ అనే ద్రాక్షతోటల కోటీశ్వరుడు పిలిచి తన ఇంటి గోడల నిండా ఎనిమిది పెద్ద ప్రకృతి దృశ్యాలు వేయించుకున్నాడు. తర్వాత ఆ ఇల్లు చేతులు మారింది. ఆ బొమ్మల మీద గోడకాయితం అంటించేశారు. ఆ ఇల్లు మ్యూజియంగా మారే కాలంలో, 1930 ప్రాంతంలో, కాయితం ఊడదీస్తే బొమ్మలు బయటపడ్డాయి. ఇళ్లకు రంగులేసినవాడి బొమ్మ గోడకాయితం కింద దశాబ్దాలు దాక్కుని బతికింది!

ఇప్పుడు అసలు బొమ్మ దగ్గరికొద్దాం. 1852లో హారియెట్ బీచర్ స్టో రాసిన ‘అంకుల్ టామ్స్ కాబిన్’ నవల వచ్చింది. ఆమె కూడా చాలా ఏళ్లు సిన్సినాటిలో ఉన్న మనిషే. ఒక్క ఏడాదిలో అమెరికాలోనే మూడు లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. డెట్రాయిట్‌లో జేమ్స్ కోనోవర్ అనే పత్రికా సంపాదకుడు, బానిసత్వాన్ని వ్యతిరేకించినవాడు, ఆ కథలోంచి ఒక బొమ్మ వెయ్యమని డంకన్‌సన్‌కు పని అప్పజెప్పాడు. 1853లో డంకన్‌సన్ ‘అంకుల్ టామ్, లిటిల్ ఈవా’ బొమ్మ వేశాడు. ఇప్పుడది డెట్రాయిట్ కళా మ్యూజియంలో ఉంది. చెట్లూ నీళ్లూ వేసే మనిషి జీవితంలో బానిసత్వం మీద నేరుగా వేసిన బొమ్మగా చెప్పుకునేది ఇదొక్కటే.

బొమ్మలో ఏముంది? సరస్సు పక్కన తోట. సాయంత్రపు వెలుగు. నల్లమనిషి టామ్ కూర్చుని ఉన్నాడు. యజమాని కూతురు, తెల్లపిల్ల ఈవా, నిలబడి ఆకాశం వైపు చెయ్యి చూపిస్తోంది. తను త్వరలో అక్కడికే వెళ్లిపోతానని చెప్తోంది. టామ్ వింటున్నాడు. చుట్టూ చెట్లు, నీళ్లు, ఆకాశం. వాటిని మాత్రం డంకన్‌సన్ ఎప్పట్లాగే ప్రేమగా వేశాడు.

ఈ బొమ్మ మీద రెండు తీర్పులున్నాయి. మొదటిది కళా పండితుల తీర్పు. ఇది బలహీనమైన బొమ్మ, మనుషుల్ని వెయ్యడం ఆయన చేతిలో పని కాదు, నవల మొదటి ముద్రణలో హమ్మాట్ బిల్లింగ్స్ వేసిన బొమ్మను పట్టుకుని వేశాడు, కాబట్టి దీన్ని పక్కనపెట్టి ఆయన నదుల్ని చూడండి అంటారు. ఆ రోజుల్లోనే డెట్రాయిట్ పత్రికొకటి దీన్ని టామ్ పిచ్చి అన్నట్టు ఎగతాళి చేసింది. రెండోది ఉద్యమంలో ఉన్నవాళ్ల తొందర తీర్పు. బతుకంతా చెట్లూ పుట్టలూ వేసినవాడు ఒక్కసారన్నా తన జాతి బొమ్మ వేశాడు, ఇదొక్కటే నిలిచేది, మిగతాదంతా పారిపోవడమే అంటారు.

ఈ రెండు తీర్పులూ తప్పని మేమంటాం. ఎందుకో చెప్తాం.

ఈ బొమ్మలో డంకన్‌సన్ సొంతం ఏది? కథ ఆయనది కాదు, స్టోగారిది. మనుషుల్ని నిలబెట్టిన తీరు బిల్లింగ్స్‌ది. డబ్బు కోనోవర్‌ది. కథ తెల్లవాళ్లది, అచ్చు తెల్లవాళ్లది, సొమ్ము తెల్లవాళ్లది. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కాదనం. మంచివాళ్లకు మన బాధలో ఎప్పుడూ ఒకటే భాగం నచ్చుతుంది: ఓర్చుకునే భాగం. టామ్‌ను భార్యాబిడ్డల నుంచి విడదీసి అమ్మేశారు. ఆ అమ్మకం ఈ బొమ్మలో లేదు. ఆయన చేసే చాకిరీ లేదు. కొరడా లేదు. యజమాని బిడ్డ చెయ్యెత్తి పైలోకం చూపిస్తుంటే, బానిస తలెత్తి చూడాలి. విముక్తి ఎక్కడుంది? ఆకాశంలో! భూమి మీద మాత్రం తోట యజమానిదే.

ఇట్లాంటి దయ మనకు కొత్త కాదు. మన గుంటూరు ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ రాశారు. అది గొప్ప పుస్తకం, తెల్లదొరల ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ రుణం మనం మర్చిపోం. కానీ అందులో రామదాసును చూడండి. భక్తుడు, శాంతమూర్తి, సహనశీలి. సంస్కర్తల గుండె కరగాలంటే మాల రామదాసులాగా ఉండాలి, నల్లవాడు టామ్‌లాగా ఉండాలి. బిందె ఎత్తిన సువార్తను చూసి కరిగే గుండెలు తక్కువ. టామ్ అనే పేరే తర్వాత నల్లవాళ్ల నోట తిట్టుగా మారిపోయింది. దొరకు వంగేవాణ్ణి ‘అంకుల్ టామ్’ అన్నారు. మన కాన్షీరామ్ 1982లో ‘చెంచాయుగం’ అని పుస్తకమే రాశారు. ఆ మాటా ఈ మాటా అన్నదమ్ములు.

మరి ఈ బొమ్మ పనికిరాదా? అట్లా అనం. ఆ కాలంలో తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ నాటకాలాడేవాళ్లు. అచ్చుబొమ్మల్లో నల్లమనిషంటే కోతి చేష్టలు, పెద్ద పెదాలు. అట్లాంటి రోజుల్లో ఒక నల్ల చిత్రకారుడు నల్లమనిషిని మనిషిలాగా కూర్చోబెట్టాడు. ఎగతాళి పడ్డాడు. అది చిన్న ధైర్యం కాదు. కాబట్టి ఈ బొమ్మను మనం గౌరవిస్తాం. అయితే అందులో ఆయన గొంతు పూర్తిగా విప్పలేదని కూడా చెప్తాం. గౌరవం ఒకటి, విమర్శ ఒకటి. రెండూ చెప్పకపోతే అది పొగడ్త అవుతుంది, కాకపోతే తిట్టు అవుతుంది. తూకం మాత్రం కాదు.

ఇక రెండో తీర్పు. మిగతాదంతా పారిపోవడమేనా? దీనికి జవాబు ఆయన వేసిన ఇంకో బొమ్మలో ఉంది. 1851 ప్రాంతంలో ‘కెంటకీలోని కవింగ్టన్ నుంచి సిన్సినాటి దృశ్యం’ అని ఒకటి వేశాడు. పేరు చూస్తే మామూలు పట్నం బొమ్మ. 1848లో ఒక పత్రికలో వచ్చిన అచ్చుబొమ్మ ఆధారంగా వేసిందే. నది, నదికవతల పట్నం మేడలు, పొగగొట్టాలు. కానీ ఎక్కడ నిలబడి చూస్తున్నాడో గమనించండి. కవింగ్టన్ అంటే బానిసల ఒడ్డు. ఆ ఒడ్డున, బొమ్మ ముందు భాగంలో, చిన్నగా, ఒక నల్లమనిషి కోత కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక నల్ల ఆడమనిషి బట్టలు ఆరేస్తోంది. నది అవతల స్వేచ్ఛ ఉన్న పట్నం మెరుస్తోంది. వీళ్లు ఇవతల పనిలో ఉన్నారు. అంతే. ఎవరూ ఆకాశం చూపించడం లేదు. చూపించాల్సింది అడ్డంగా, నదికవతల, కనుచూపు మేరలోనే ఉంది.

మా లెక్కలో ఈ బొమ్మ టామ్ బొమ్మకన్నా గట్టిది. టామ్ బొమ్మలో నల్లమనిషి పెద్దగా ఉన్నాడు, కానీ పరాయివాళ్ల కథలో ఉన్నాడు. ఇందులో చిన్నగా ఉన్నాడు, కానీ తన చోట, తన పనిలో ఉన్నాడు. ఆ ఇద్దర్నీ చూశాక నది నదిలాగా కనపడదు. అది హద్దు. కోతకత్తి పట్టిన చిన్న మనిషి బొమ్మ అర్థాన్నే తిప్పేశాడు. కాబట్టి ప్రకృతి దృశ్యంలో రాజకీయం లేదనే మాట అబద్ధం. ఎక్కడ నిలబడి చూస్తున్నావన్నదే రాజకీయం.

1855లో జె.పి. బాల్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫర్ సిన్సినాటిలో 600 గజాల గుడ్డ మీద బానిసత్వ చరిత్ర మొత్తం బొమ్మలుగా వేయించి ఊరూరా చూపించాడు. ఆఫ్రికాలో మనుషుల్ని పట్టుకోవడం దగ్గర్నుంచి పారిపోయి కెనడా చేరడం దాకా. బాల్ దగ్గర పనిచేసిన డంకన్‌సన్ చెయ్యి అందులో ఉందని చరిత్రకారులు చెప్తారు. ఆ గుడ్డ మిగల్లేదు. కోటీశ్వరుడి గోడ మీద వేసిన చెట్లు మిగిలాయి, జనం కోసం వేసిన చరిత్ర మిగల్లేదు. ఏది దాచాలో ఏది పారెయ్యాలో నిర్ణయించే చేతులు ఎవరివో ఆలోచించండి. ఒక చిత్రకారుణ్ణి ‘చిన్నవాడు’ అని తేల్చే ముందు, మిగిలినదాన్ని బట్టి తేలుస్తున్నామా, వేసినదాన్ని బట్టి తేలుస్తున్నామా అని కూడా ఆలోచించండి.

డంకన్‌సన్ దేవుడని మేము చెప్పడం లేదు. 1871లో కొడుక్కు రాసిన ఉత్తరంలో, తన బుర్రలో ఒంటిరంగు గొడవ లేదనీ ఉన్నదల్లా బొమ్మల రంగేననీ అర్థమొచ్చేట్టు రాశాడు. ఆ మాటతో మనకు పేచీ ఉంది. నువ్వు మర్చిపోయినా లోకం నీ ఒంటిరంగు మర్చిపోదు. కాకపోతే ఆ మాట వెనక అలసట కూడా ఉంది. నన్ను మనిషిగా చూడరా, బొమ్మలేసేవాడిగా చూడరా అనే అలసట. చివర్లో మతి చెదిరింది. రంగుల్లోని సీసం విషమే కారణం కావచ్చని కొందరంటారు. 1872 డిసెంబరు 21న డెట్రాయిట్‌లో చనిపోయాడు. పేరున్నవాడే అయినా చాలాకాలం మరుగున పడిపోయాడు. సరిగ్గా వందేళ్లకు, 1972లో, సిన్సినాటి మ్యూజియం ఆయన బొమ్మలు పెట్టి ప్రదర్శన చేసింది. 2021 జనవరిలో అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం రోజున ఆయన బొమ్మ ఒకటి తెచ్చి పెట్టారు. ఏ బొమ్మో తెలుసా? 1859లో వేసిన ఇంద్రధనుస్సు బొమ్మ. టామ్ కాదు, కవింగ్టన్ ఒడ్డు కాదు. పాలకులకు ఎప్పుడూ ఇంద్రధనుస్సే కావాలి!

ఆయన చనిపోయిన మరుసటి ఏడే, 1873లో, మన ఫూలే ‘గులాంగిరీ’ అచ్చేసి, నల్లవాళ్ల బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. వాళ్ల కథ మనకెందుకు అనేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. డంకన్‌సన్ టామ్ బొమ్మ వేసిన 1853లో ఇక్కడ బెజవాడ దగ్గర ఏం జరుగుతోంది? కృష్ణ మీద ఆనకట్ట కడుతున్నారు. 1852లో మొదలై 1855లో పూర్తయింది. దొరల పేర్లు అందరికీ తెలుసు: కాటన్, ఓర్. రాయి కొట్టినవాళ్ల పేర్లు, మట్టితట్ట మోసినవాళ్ల పేర్లు ఏ రాతిపలక మీద ఉన్నాయి? 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దీపాల వెలుగులో బ్యారేజీ బొమ్మ ఇవాళ బెజవాడకు గుర్తు. చాలా అందంగా ఉంటుంది. ఆ అందం మీద మనకు కోపం లేదు. ఆ అందంలో మన వాటా అడుగుతున్నాం.

మనలో ఈ పని చేసి చూపించినవాడు లేకపోలేదు. వినుకొండ గుర్రం జాషువా. గిజిగాడి గూడు మీద రాశాడు, తాజమహలు మీద రాశాడు. మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకున్నవాళ్లే 1941 నాటి ‘గబ్బిలం’ దగ్గరికొచ్చేసరికి గొంతు సవరించుకుంటారు. నిజానికి గబ్బిలంలోనూ నదులున్నాయి, ఊళ్లున్నాయి, గుళ్లున్నాయి. కాళిదాసు మేఘం చూసినట్టే గబ్బిలమూ దేశం మీద ఎగురుతూ చూస్తుంది. తేడా ఒకటే. దాన్ని పంపినవాడు ఆకలిగొన్న అంటరానివాడు. అందుకే ఆ దేశపటం మారిపోయింది. జాషువా చెట్టును వదిలిపెట్టి మనిషిని పట్టుకోలేదు, మనిషిని వదిలిపెట్టి చెట్టును పట్టుకోలేదు. పల్లెలో నిలబడి రెండింటినీ చూశాడు.

కాబట్టి మన కార్యకర్తలకు మేము చెప్పేది ఇది. బొమ్మ ముందు నిలబడ్డప్పుడు నాలుగు ప్రశ్నలు వెయ్యండి. దీనికి డబ్బు ఎవరిచ్చారు? వేసినవాడు ఏ ఒడ్డున నిలబడ్డాడు? ఇందులో పనిచేస్తున్నది ఎవరు, కూర్చుని చూస్తున్నది ఎవరు? చట్రం బయటికి నెట్టేసింది ఎవర్ని? ఈ నాలుగూ అడిగాక అప్పుడు బాగుందో లేదో చెప్పండి. ముందే ‘ఇది చెట్టు, మనది కాదు’ అనొద్దు. ‘ఇది అంబేద్కర్ బొమ్మ, కాబట్టి మంచిదే’ అని కూడా అనొద్దు. అంబేద్కర్ కోటు నీలంగా ఉంటే సరిపోదు, ఆ వేలు ఎటు చూపిస్తోందో వేసినవాడికి తెలియాలి.

బొమ్మలేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీకు మబ్బు నచ్చితే మబ్బు వెయ్యండి. కాలవగట్టు వెయ్యండి, చెరువు వెయ్యండి, బుడమేరు వెయ్యండి, కొల్లేరు వెయ్యండి. మన ఒంటి మీది గాయాలే మన బొమ్మలన్న రూలు ఎవరూ పెట్టడానికి లేదు. ఈ నేల మీద పచ్చదనం మన చేతుల్లోంచి వచ్చింది. దాన్ని వేసే హక్కు మనకన్నా ఎవరికుంది? కాకపోతే ఊరి అరుగు మీద కూర్చుని వెయ్యొద్దు. పల్లెలోంచి చూసి వెయ్యండి. అక్కణ్ణుంచి చూస్తే అదే చెరువు వేరుగా ఉంటుంది, అదే పొద్దు వేరుగా గుంకుతుంది. గట్టు మీద బిందె పట్టుకున్న ఆడమనిషికి అప్పుడు మొహం వస్తుంది, పేరు వస్తుంది.

ప్రతి పల్లెలో ఒక గోడ ఉంది. కమ్యూనిటీ హాలు గోడో, చర్చి ప్రహరీయో, బడి గోడో. ఈ ఏడు ఆ గోడ మీద మన ఊరి బొమ్మ మనమే వేద్దాం. ముసలాళ్లను కూర్చోబెట్టి అడుగుదాం: ఏ చెరువు ఎవరు తవ్వారు, ఏ డొంక ఎప్పుడు మూసేశారు, ఏ బంజరు ఎవరు కలుపుకున్నారు. వాళ్లు చెప్పినట్టు వేద్దాం. ఆ బొమ్మ రేపు పంచనామాకు కూడా పనికొస్తుంది. కళకు అంతకన్నా మర్యాద ఏముంటుంది?

జై భీమ్!